గింజ రాలేదాకా నేలతాడిని తవ్వొద్దు!

అడవి పల్లెల అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, గ్రామసభ పెద్దలకు విన్నపం!

నల్లమలలో, తూర్పు కనుమల్లో వానాకాలం చెట్ల నీడన గడ్డిలో గడ్డిగా పెరిగే మొక్క నేలతాడి. నల్లముస్లి అన్నా, తాళమూలి అన్నా ఇదే. దీని గడ్డకు ఆయుర్వేద మందుల్లో గిరాకీ ఉంది. కాయ కోసుకుంటే చెట్టు నిలుస్తుంది, ఆకు కోసుకుంటే మళ్లీ చిగురిస్తుంది. నేలతాడి సంగతి అలా కాదు. నిట్టనిలువుగా దిగిన గడ్డే దాని ప్రాణం. అది పెకిలిస్తే మొక్క పోయినట్టే. పూత, కాత మీద ఉన్నప్పుడు పెకిలిస్తే వచ్చే ఏటి విత్తనం కూడా దాంతోపాటే గోనెసంచిలోకి పోతుంది.

తవ్వి పొట్ట పోసుకునేవాళ్లను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఆ గడ్డ రేపు కూడా దొరకాలనే మా తపన. అందుకు దారి ఒక్కటే: ముందు గింజ, తర్వాతే గడ్డ.

గుర్తుపట్టడం ఎలా?

ఆకు తాటి మొలక ఆకులా నిలువు మడతలతో ఉంటుంది. ఈత మొలక ఆకు బిరుసు, నేలతాడి ఆకు పలచన, మెత్తన. తుంగకు మూడు పలకల కాడ పైకి లేచి, చివర కంకి వేస్తుంది. నేలతాడికి అలాంటి కాడ ఉండదు. పూత లేనప్పుడు అనుమానం వస్తే ఆగండి. తొలకరి తర్వాత నేలను అంటుకున్నట్టు ఆరు రేకుల పసుపు పువ్వు విచ్చుకుంటే ఇక సందేహం అక్కర్లేదు. తెల్ల పువ్వు పూసి, గుత్తిగా వేళ్లు ఊరేది తెల్లముస్లి. అది వేరే మొక్క.

గింజ సేకరణ

పువ్వు పైన కనిపిస్తుంది గానీ కాయ కనిపించదు. అది ఆకుల మొదట్లో, మట్టిలో దాగి ఉంటుంది. అందుకే నేలతాడికి గింజే లేదని చాలామంది అనుకుంటారు. పూసిన మొక్క పక్కన పుల్ల పాతి గుర్తు పెట్టుకోండి. భాద్రపదం నుంచి ఆకుల మొదలును వేళ్లతో మెల్లగా విడదీసి చూడండి. కాయలో గింజలు కొన్నే ఉంటాయి. నల్లగా నిగనిగలాడుతూ, ఒంటి నిండా అలల్లాంటి గీతలతో, ఓ కొసన చిన్న ముక్కుతో ఉంటే ముదిరినట్టు. తెల్లగా ఉంటే మట్టి కప్పి వదిలేయండి. ముదిరినవాటిలోనూ సగమే తీసుకోండి, మిగతా సగం అడవికే ఉంచండి.

గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, గుడ్డసంచిలో కట్టి, ఊరిపేరు, తేదీ రాసి పెట్టండి. తొలకరికి ముందు ఆకుమట్టి కలిపిన మడిలో, నీడ పట్టున చల్లండి. మొలక ఆలస్యమైతే మడిని తిరగదోడకండి. గింజ చాలకపోతే ఆకు కొసను తడిమట్టికి ఆనించి ఉంచండి, అక్కడ పిల్ల మొక్క పుడుతుంది. గడ్డను ముక్కలు చేసి నాటినా మొలుస్తుంది.

మేం కోరేది

1. అడవిని, జీవవైవిధ్యాన్ని కాపాడుకునే అధికారం 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చింది. దాన్ని వాడుకుని, కార్తీకం దాకా నేలతాడి తవ్వరాదని, ఆ తర్వాతా ప్రతి తావులో సగం మొక్కలు వదలాలని తీర్మానం చేయాలి.

2. 2002 జీవవైవిధ్య చట్టం కింద ఏర్పడ్డ పంచాయతీ కమిటీలు నేలతాడి ఉన్న తావులను తమ రిజిస్టర్‌లో రాయాలి.

3. టేకు, వెదురు పెంచే అటవీశాఖ నర్సరీల్లో నేలతాడికీ మడులు కేటాయించాలి. గింజలు ఏరే మహిళలకు కూలి కట్టివ్వాలి.

4. గిరిజన సహకార సంస్థ అయినా, ప్రైవేటు వర్తకులైనా మడిలో పెంచిన గడ్డకు మెరుగైన ధర ఇవ్వాలి. వానాకాలంలో తవ్వి తెచ్చిన పచ్చి గడ్డను కొనకూడదు.

ధర పెరిగిన కొద్దీ అడవిలో తవ్వకం పెరుగుతుందే తప్ప మొక్క పెరగదు. నర్సరీ మడుల్లో గడ్డ ఊరితేనే ఇటు కుటుంబాలకు ఆదాయం, అటు అడవికి ఊపిరి.

ఈ కరపత్రం చదివినవారు చదవలేనివారికి వినిపించండి. వచ్చే గ్రామసభలో ఈ మాట ఎత్తండి. ఈ వానాకాలమే ప్రతి పల్లెలో ఒక్క నేలతాడి మడి వేయండి!