రామగిరి కొండమీది బావులు



యాత్ర యనగానే మన యిండ్లలో కాశి, తిరుపతి, వేములవాడ, కాళేశ్వరము జ్ఞప్తికి వచ్చును. దేవుని పేరు చెప్పిననే గాని గృహిణికి గడప దాటుటకు తీరిక దొరకదు. పాతరాళ్ళను, పాడుకోటలను చూచుట పురుషుల పని యనియు, లేకున్న బడిపిల్లల పాఠములకు సంబంధించిన పని యనియు మనలో పెక్కురు తలంచుచుందురు. ఆ తలంపు సరికాదని చెప్పుటకే ఈ నెల మా పుటను వినియోగించుచున్నాము. పాతరాళ్ళయందు రాజుల కథ యెంత కలదో గృహిణుల కథయు అంత కలదు. దానిని చదువుటకు శాసనలిపి తెలియనక్కరలేదు. నీరు తోడి, పొయ్యి రాజేసి, పదిమందికి వడ్డించిన యనుభవ మున్న చాలును.

మేము కాపురముండు మంథని గోదావరీ తీరమునందలి ప్రాచీన గ్రామము. దీనిని మంత్రపురి యనియు పెద్దలు పిలుతురు. వేదాధ్యయనమునకు, గౌతమేశ్వరాది దేవాలయములకు ఈ ఊరు పేరుపొందినది. హనుమకొండ వేయిస్తంభముల గుడియందు 1163వ సంవత్సరమున కాకతీయ రుద్రదేవుడు వేయించిన శాసనము కలదు. అందు మంత్రకూట ప్రభువైన గుండరాజు ప్రసక్తి యున్నది. ఆ మంత్రకూటము మన మంథనియే యని కొందఱు చరిత్రకారులు చెప్పుదురు. పూర్వము కరీంనగర మండలమున నుండిన ఈ ప్రాంతము 2016వ సంవత్సరము నుండి పెద్దపల్లి జిల్లాలో చేరినది. ఇంతటి ఊరిలో నుండియు, పడమటి దిక్కున నున్న రామగిరి కొండను మా వీధి స్త్రీలలో చాలమంది చూచి యెఱుగరు. కావున గడచిన కార్తీకమున వనభోజనముల కెటులైనను వెళ్ళవలసినదే గదా యని, ఆ వనమేదో రామగిరి యడుగుననే కుదుర్చుకొంటిమి.

పదునొకండుగురు స్త్రీలము, అయిదుగురు పిల్లలము రెండు జీపులలో తెల్లవారకమునుపే బయలుదేరితిమి. సద్దిమూటలు ముందునాటి రాత్రియే సిద్ధమైనవి. మా యింటివారు బడిలో చరిత్ర చెప్పువారగుటచే, చూడదగిన స్థలముల వరుసను ఒక కాగితముమీద వ్రాసి యిచ్చి తాము ఇంటనే నిలిచిరి. ఆ దినమున ఇండ్లవద్ద నున్న పురుషులలో ఎవరును ఉపవాసము చేయలేదని సాయంకాలమున తెలిసికొని సంతోషించితిమి.

కొండయడుగున బేగంపేట గ్రామము కలదు. అచ్చట మాకు దారి చూపుటకు ఒక అవ్వ కుదిరెను. చిన్ననాటినుండి ఆ గుట్టమీద మూలికల నేఱుచు బ్రదికిన మనిషి. డెబ్బది యేండ్లు దాటినను మాకంటె ముందుగా నడచుచు, వెనుకబడిన వారికొఱకు రాతిమీద కూర్చుండి నవ్వుచుండెను. దారి కిరుప్రక్కల బతుకమ్మకు కోసికొనగా మిగిలిన తంగేడు ఇంకను పూచియే యుండెను. అవ్వ తిప్పతీగను, నల్లేరును, పొడపత్రిని పేరుపేరున చూపుచు వచ్చెను. శ్రావణమాసమున ఈ కొండకు జనులు తండోపతండములుగా వత్తురు. కొందఱు సీతారాముల దర్శనమునకు, కొందఱు మూలికలకు, వైద్యశాస్త్రము చదువు విద్యార్థులు చెట్లను గుర్తించుటకు వత్తురు.

పైకి పోవుకొలది ప్రాకారములు, ద్వారములు, కూలిన కట్టడములు ఒకదానివెంట నొకటి కానవచ్చును. కాకతీయుల కాలపు పేర్లు, తరువాతి సుల్తానుల కాలపు ఫిరంగులు అచ్చటనే కలసి యున్నవి. పిల్లలు ఫిరంగి చుట్టు చేరిరి. మేము మాత్రము బావుల యొద్ద నిలిచిపోయితిమి. పసరుబావి యని ఒకటి, సీతమ్మ కొలను అని మఱియొకటి, ఇంకను పలు బావులు, గుండములు ఆ రాతికొండపై కలవు. వానిని చూచిన పిమ్మట కోటకట్టువాని బుద్ధి ఎట్టిదో మాకు తెలిసినది. శత్రువు గోడను పగులగొట్టలేకున్నను నీటిదారి నాపి కోటను గెలువగలడు. పైన వేయిమంది కాపున్నచో వారికి త్రాగునీరు, వంటనీరు, గుఱ్ఱములకు నీరు, గాయములు కడుగుటకు నీరు, బాలెంతరాండ్రకు వేడినీరు వలయును. వానకాలపు నీటిని రాతిలో పట్టి నిలిపి వేసవిదాక పొదుపుగా వాడుకొనవలయును. ఎత్తైన గోడ కట్టినవానిని రాజు మెచ్చి యుండును. ఎక్కడ త్రవ్విన నీరు నిలుచునో చెప్పినవాని పేరును, ఆ నీటిని కడవలతో మోసిన స్త్రీల పేర్లును ఎవరును వ్రాయలేదు. అయినను మెట్ల అంచులు చూడుడు. పాదములు పడిపడి నునుపుదేలినవి!

"రాజులు పొయిన్రు, రాణులు పొయిన్రు. బాయి మాత్రం గట్లనే ఉన్నది. ఎండకాలం గూడ నీళ్ళు ఒడువయి, బిడ్డా" అని అవ్వ చెప్పెను.

సీతమ్మ కొలనున జానకీదేవి స్నానమాడినదని ఇచ్చటివారి విశ్వాసము. దీనిని విన్న వెంటనే మాకు కాళిదాసుని మేఘసందేశము స్మృతికి వచ్చినది. ఆ కావ్యారంభమున శాపగ్రస్తుడైన యక్షుడు రామగిరి యాశ్రమములయందు నివసించుననియు, అచ్చటి జలములు జనకపుత్రిక స్నానముచే పావనములైనవనియు కవి చెప్పినాడు. ఆ రామగిరి ఇదియే యని మన ప్రాంతమువారందురు. నాగపురము చెంతనున్న రాంటెక్ అని పండితులలో ఎక్కువమంది యభిప్రాయము. మా మటుకు ఈ వివాదము తీర్పవలసిన యవసరము కానరాలేదు. కవి కొండను పరిచయము చేయవలసి వచ్చినప్పుడు శిఖరమును గాక, ఒక స్త్రీ స్నానమాడిన నీటిని ముందుగా తలచుకొనెను. ఏ కొండకైనను నీరే గుర్తు అను సంగతి ఆ మహాకవికిని, మా అవ్వకును సమానముగా తెలియును.

ఈ కోటను గూర్చిన మఱియొక వృత్తాంతమును స్త్రీలు తెలిసికొనదగును. గోల్కొండ సుల్తానగు అబ్దుల్లా కుతుబ్ షాకు, మొగలు రాజకుమారుడగు ఔరంగజేబునకు 1656వ సంవత్సరమున సంధి జరిగెను. సుల్తాను తన కుమార్తెను ఔరంగజేబు కొడుకైన మహమ్మద్ సుల్తానున కిచ్చి వివాహము చేయుట ఆ సంధిలో ఒక నిబంధన. రామగిరి ప్రాంతమును మొగలులకు విడుచుట ఇంకొక నిబంధన. కోటను, కూతును ఒక్క యొడంబడికలోనే యప్పగించిరన్నమాట. మేము చదివిన చరిత్రలలో ధనమెంత చెల్లెనో, సేన యెంత నిలిచెనో వ్రాసియున్నది గాని, ఆ పిల్ల మాట ఒక్కటియు కానరాదు. కొండమీద కూర్చుండి ఈ కథ చెప్పగా మాలో పెండ్లికెదిగిన యొక కన్య, "ఆమెను ఎవరైన అడిగిరా?" యని ప్రశ్నించెను. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పగలవారు మాలో లేకపోయిరి.

సంతోషము గలిగించిన దృశ్యములతోపాటు మనస్సు నొచ్చిన దృశ్యములును కలవు. పాతకట్టడముల చెంత గుప్తనిధుల యాశతో త్రవ్విన గోతులు చూచితిమి. రాతిగోడలపై పేర్లు చెక్కిన వారును కలరు. 1878వ సంవత్సరపు నిధినిక్షేపముల చట్టము ననుసరించి భూమిలో పదిరూపాయలకు మించిన విలువగల నిధి దొరకినచో కలెక్టరునకు తెలియజేయవలయును. అట్లుండగా రాత్రివేళ త్రవ్వి దాచువాడు దొంగయే గాని భాగ్యవంతుడు కాడు. వాని గోతిలో బంగారము దొరకదు. గోడ మాత్రము కూలును. ఇక మూలికల మాట. వచ్చినవారు ఆకుతో తృప్తిపడక వేళ్ళతో సహా పెఱికికొని పోవుచున్నారు. "ఆకు కోస్తె మళ్ళ వస్తది. వేరు గుంజితె ఏమొస్తది?" అని అవ్వ వాపోయెను. ఆమె యెఱిగిన చెట్ల పేర్లు ఆమె మనుమరాండ్రకు రావు. వారు చదువులకు పట్టణములు చేరిరి. చదువు వలయును, మేము కాదనము. కాని అవ్వ నోటనున్న పేర్లను ఒక పుస్తకములో వ్రాసిపెట్టుటకు ఆ చదువు పనికి రావలదా?

మధ్యాహ్నమునకు క్రిందికి దిగి, అవ్వ యింటి ముందఱి వేపచెట్టు నీడను సద్దులు విప్పితిమి. ఆ యింటి కోడలు మాకు చల్లని మజ్జిగ పోసెను. ఆమె చేట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టుచునే మాటలాడెను. లెక్క తగ్గిన కూలి తగ్గును. కొండపై ఎన్నిమారులు వెళ్ళితివని మేమడిగితిమి. "రోజు పొద్దుగాల లేసి చూసేది గా గుట్టనే. కాని ఎక్కి కూసునే తీరిక ఏడిది, అక్కా?" అని ఆమె బదులు పలికెను. దూరదేశములనుండి జనులు వచ్చి చూచు కొండను, దాని నీడలో బ్రదుకు స్త్రీ చూడజాలకున్నది. తీరిక లేమి యను ప్రాకారము రామగిరి గోడకంటె దృఢమైనదని మాకు తోచినది. మన యిండ్లలోను అట్టి ప్రాకారములు లేకపోలేదు.

అపరాహ్ణమున పెద్దపల్లి దారిని పట్టి పెదబంకూరునకు, అచ్చటినుండి ధూళికట్టకు పోయితిమి. ఈ రెండు గ్రామములయందును 1970వ దశకమున పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరిపిరి. పెదబంకూరున వేలకొలది శాతవాహన నాణెములు బయల్పడెను. వానికంటె మమ్ము ఆకర్షించినవి ఇటుకలతో కట్టిన బావులును, కాల్చిన మట్టి ఒరలను ఒకదానిపై నొకటి దించిన ఒరలబావులును. రెండువేల యేండ్ల క్రిందటి పల్లెలోను బావికి ఒరలు దించిరని తెలిసినప్పుడు, మా పెరటిబావియే జ్ఞప్తికి వచ్చెను. నేడు అచ్చట కంటికి కనబడునవి పొలములే. చెప్పువారున్నగాని ఆ పొలము క్రింద ఒక ఊరున్నదని తెలియదు.

ధూళికట్టయందు మట్టికోట దిబ్బయు, కొంతదూరమున బౌద్ధస్తూపపు అవశేషమును కలవు. ఆంధ్రులకు ప్రాకారములు గల పట్టణములు ముప్పది యున్నవని రోమక గ్రంథకర్త ప్లినీ క్రీస్తుశకము మొదటి శతాబ్దమున వ్రాసెను. ధూళికట్ట ఆ ముప్పదిలో ఒకటి కావచ్చునని పరిశోధకుల యూహ. ఈ స్తూపపు పలకలపై పడగ విప్పిన ముచిలిందనాగుని రూపము చెక్కబడినది. బుద్ధుడు ధ్యానమున నుండగా గాలివాన వచ్చిననియు, నాగరాజు తన పడగలను గొడుగుగా పట్టెననియు కథ. ఇచ్చటి శిల్పి బుద్ధుని మనుష్యరూపమున చెక్కక, చిహ్నములచేతనే సూచించినాడు. మాతో వచ్చిన యొక పెద్దముత్తైదువ నాగరూపమును గూర్చి విన్నంతనే చేతులు జోడించి, "నాగులచవితికి మనము పాలు పోయు స్వామియే గదా" యనెను. మతములు మాఱినను వానలో తడియువానికి గొడుగు పట్టుట పుణ్యమను భావము మాఱలేదు. ఈ ప్రాంతపు త్రవ్వకములలో దొరకిన వస్తువులను చూడగోరువారు కరీంనగరమందలి పురావస్తు ప్రదర్శనశాలకు పోవచ్చును.

దీపములు పెట్టు వేళకు మంథని చేరితిమి.

ఇట్టి ప్రయాణము చేయదలచు సోదరీమణులకు కొన్ని సూచనలు. కార్తీకము మొదలు మాఘము వఱకు కొండ యెక్కుటకు అనుకూలమైన కాలము. జారని చెప్పులు తొడిగికొనుడు. పట్టుచీరలు పెట్టెలోనే యుంచుడు. త్రాగునీరు మనిషికి రెండు సీసాలకు తక్కువ కాకుండ తీసికొని పోవలయును. కొండమీది బావినీరు చూచుటకే గాని కాచి వడపోయనిదే త్రాగరాదు. మోకాళ్ళనొప్పులు గల పెద్దలను ధూళికట్టకు మాత్రమే కొనిపొండు. అచ్చట ఎక్కవలసిన కొండ లేదు. గ్రామములోని మనిషినే దారి చూపుటకు కుదుర్చుకొని, ఆ దినపు కూలికి తక్కువ కాకుండ చేతిలో పెట్టుడు. మూలికల పేర్లు తెలిసికొనుడు గాని వైద్యుని అడుగనిదే వానిని ఇంట వాడకుడు. వెంట తెచ్చిన కాగితములు, సంచులు వెంటనే తీసికొని రండు. రాతిముక్కను గాని, పెంకును గాని, నాణెమును గాని జ్ఞాపకార్థమని ఒడిలో వేసికొని రాకుడు. అది ఉన్నచోట నున్నప్పుడే దాని కథ చెప్పును. మన యలమారులో అది మూగరాయి.

అన్నింటికంటె ముఖ్యమైన దొకటి. ప్రతి యూరిలోను పాతబావి యొకటి, దాని కథ యెఱిగిన అవ్వ యొకతె యుందురు. వచ్చు నెలలోగా మీ పిల్లలను ఆమె చెంతకు పంపి, ఆ బావిని ఎవరు త్రవ్వించిరో, ఏయే కఱవులో అది ఊరిని కాచినదో అడిగించి వ్రాయించుడు. పిల్లలతో మీరును వెళ్ళుడు. ఆ పూట వంట కొంచెము ఆలస్యమైనను నష్టము లేదు. బావి పూడినచో మరల త్రవ్వుకొనవచ్చును. ఆ అవ్వ వెళ్ళిపోయినచో అడుగుటకు మనిషి యుండదు.