వాయిదా వెల కాదు

తోడికోడలి గొలుసు కుదువఁబెట్టి, కూరగాయల రవాణాకై మా మఱఁది క్రొత్త పికప్ బండి కొనఁబోవుచుండఁగా మేమును వెంటఁ బోయితిమి. వెల యెంతయని మే మడుగఁగా, విక్రేత "నెలకు 13,500 రూపాయలే" యనెను. అది వెల కాదు, వాయిదా!

6,00,000 రూపాయల యప్పునకు ఏటికి నూటికి 7 చొప్పున అయిదేండ్ల వడ్డీ 2,10,000. నెలనెలా అసలు తీఱుచున్నను వడ్డీ మాత్రము మొదటి మొత్తముపైననే కట్టిరి. తగ్గుచున్న యసలుపై లెక్కింప నది నూటికి 12.5 అగును, నిజముగా 7 అయినచో వాయిదా సుమారు 11,880 మాత్రమే. సంతకము చేయక లేచి వచ్చితిమి.

కావున ముందు బండి వెల, బీమా, రిజిస్ట్రేషను ఖర్చులు వేఱువేఱుగా వ్రాయించి బేరమాడుఁడు. పిమ్మటనే రెండు మూఁడు బ్యాంకులలో అప్పు విచారింపుఁడు. మెడలోని గొలుసు తీసి యిచ్చు నిల్లాలికి లెక్క యడుగు నధికారమును గలదు.