మడ అడవి కూడా అడవే కదా!

మన గ్రూపులో పోడు పట్టాల గురించి, పాడేరు, భద్రాచలం గురించి మంచి పోస్టులు వస్తుంటాయి. అన్నీ చదువుతా. కానీ మా వైపు అడవి గురించి ఒక్కటీ కనపడదు. మాది రేపల్లె పక్కన నగరం మండలం (నగరం అంటే సిటీ అనుకునేరు, మండలం పేరే అది). "మీకు అడవి ఎక్కడిదిరా?" అని హాస్టల్లో చాలామంది అడిగారు. నిజాంపట్నం వైపు అడవులదీవి అని ఏకంగా ఊరి పేరే ఉంది. అక్కడి ఉప్పుటేర్ల నుంచి కృష్ణ సముద్రంలో కలిసే లంకెవానిదిబ్బ దాకా మడ అడవులే. మా యానాది తాతలు పీతలు పట్టింది, వంటచెరకు తెచ్చుకుంది అక్కడే. బురదలో బొక్క చూసి లోపల మండపీత ఉందో లేదో మా తాత చెప్పేసేవాడు.

ఇప్పుడు ఆ అడవికి రెండు వైపుల నుంచి దెబ్బ. సముద్రం మట్టం పెరుగుతోంది. పైనుంచి రావాల్సిన కృష్ణ మంచినీళ్ళు ఆనకట్టల దగ్గరే ఆగుతున్నాయి. మడకి ఉప్పు నీళ్ళు ఒక్కటే చాలవు, మంచినీళ్ళూ కలవాలి. మట్టం పెరిగితే అడవి మెల్లగా లోపలికి జరగాలి, కానీ వెనక రొయ్యల చెరువుల గట్లు అడ్డం. తీరంలో ఇష్టమొచ్చినట్టు రొయ్యల చెరువులు తవ్వడం మీద సుప్రీంకోర్టు 1996లోనే తీర్పు ఇచ్చింది. ఆ చెరువుల మీద రాత్రుళ్ళు కాపలా ఉండేది ఎవరు? ఎక్కువగా మనవాళ్ళే. ఆ మాట మీద ఇంకో పోస్టు రాస్తా.

అడవిని మనవాళ్ళే నరికి పాడుచేశారని అంటుంటారు. పొయ్యిలోకి మనమూ కొట్టాం, కాదనను. కానీ ఒకప్పుడు సర్కారు పద్ధతే కూపులు వేసి మొత్తం నరికేయడం. నీడ పోయాక బురద ఎండి కుంగింది. పోటు నీళ్ళు గుంటల్లో నిలిచిపోయి, ఆవిరై ఉప్పు ముదిరింది. ఇక అక్కడ విత్తనం పడ్డా మొలవదు. ఎం.ఎస్. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు 1990ల చివర్లో అటవీశాఖతో, ఊళ్ళవాళ్ళతో కలిసి చేసిన పని దీనికి మందు. ఏరు నుంచి పెద్ద కాలువ, దానికి చేప ముల్లులాగా పక్క కాలువలు తవ్వారు. పోటు వచ్చి పోతుంటే ఉప్పు కడుక్కుపోయింది, కాలువ ఒడ్డున మడ మొక్కలు బతికాయి. పూడిక తీస్తూ ఉండాలి, అంతే. నా దృష్టిలో అసలు సంగతి అదే. మొక్క నాటి ఫొటో దిగేవాళ్ళు బోలెడు, మూడో ఏడు పూడిక తీసేది ఎవరు? 2023లో కేంద్రం మిష్టి పథకం తెచ్చింది, దేశమంతా 540 చదరపు కిలోమీటర్ల మడ అని లక్ష్యం. మనల్ని అందులో రోజు కూలీలుగానే పిలిస్తే డబ్బు ఆగిన రోజు కాలువ పూడిపోతుంది.

1977 నవంబర్ 19 ఉప్పెనని మా ముసలోళ్ళు ఇంకా చెప్తారు. అంత అలని చెట్లు ఆపేస్తాయని నేననను. కానీ అల జోరు తగ్గిస్తాయి.

హక్కు సంగతికొస్తా. ఒక ఆఫీసులో అడిగితే "అది ఏజెన్సీ వాళ్ళకే బాబూ" అని పంపేశారు. తప్పు. 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డ్ ప్రాంతానికే అని ఎక్కడా లేదు. 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి అడవిలో ఉంటూ దాని మీద బతికే ఎస్టీలు ఎక్కడున్నా వర్తిస్తుంది, అభయారణ్యంలో కూడా. నీళ్ళలో దొరికే చేపలూ పీతలూ సామూహిక హక్కులోకే వస్తాయి. కాపాడి పెంచుకునే హక్కు కూడా సెక్షన్ 3లోనే ఉంది. అడవి బయట కాలనీల్లో ఉన్నాం కదా అని వాదన వస్తుంది. నిజమైన బతుకుతెరువు కోసం అడవి మీద ఆధారపడ్డామని చూపిస్తే దానికి జవాబు దొరుకుతుంది.

గ్రామసభ అటవీ హక్కుల కమిటీని ఎన్నుకోవాలి, సామూహిక హక్కుకి ఫారం-బి, అడవి యాజమాన్యానికి ఫారం-సి. పెద్దవాళ్ళు చెప్పింది రాతలో పెడితే అదీ సాక్ష్యమే. మా తాత పోయి రెండేళ్ళయింది, ఆయన మాట రాసుకోలేదు. నిజాంపట్నం, రేపల్లె, నగరం వైపు తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, సంక్రాంతి సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు ఏ ఏరులో ఏం పట్టేవాళ్ళో, ఏ దారిన వెళ్ళేవాళ్ళో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాసుకోండి. పేరు, వయసు, వేలిముద్ర మర్చిపోవద్దు. ఫారాలు నా దగ్గరున్నాయి, కామెంట్లో అడిగితే పంపిస్తా.