ఫీజు మాట ముందే చెప్పండి, మాస్టారూ

సంగీతం పాఠానికి డబ్బు తీసుకోవడం తప్పని ఇప్పుడెవరూ అనరు. కానీ ఆ డబ్బు ఎంతో, ఏ తారీఖులోగా ఇవ్వాలో మొదటి రోజే చెప్పే మాస్టారిని చూస్తే మాత్రం మొహం చిట్లిస్తారు. "ఈయన మరీ కమర్షియల్ అండీ" అన్న మాట లిఫ్టు కిందికి దిగేలోపే పుడుతుంది. హైదరాబాదులో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ సందుల్లో ముందుగదిలో చాప పరిచి పాఠాలు చెప్పుకునే చాలామంది ఈ మాటకు జడిసే నోరు విప్పరు. "మీకు తోచింది ఇవ్వండి" అనేస్తారు. తోచేది నెలనెలా తగ్గుతూ వస్తుంది.

వెనకటి గురువులు పైసా పుచ్చుకోకుండా చెప్పలేదా అంటారు. చెప్పారు. విజయనగరం వెళ్లిన ఘంటసాలకు పట్రాయని సీతారామశాస్త్రి గారు ఉచితంగానే విద్య నేర్పారు. అయితే శాస్త్రిగారికి మహారాజా సంగీత కళాశాలలో ఉద్యోగం ఉంది. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడిగా 1919లో ఆ కళాశాలను పెట్టింది సంస్థానం. ఇక ఘంటసాల జోలె పట్టుకుని మధూకరానికి వెళితే ఊళ్లోని ఇల్లాళ్లు అన్నం పెట్టారు. గురువుకు జీతం ఒకరిచ్చారు, శిష్యుడి ఆకలి ఇంకొకరు తీర్చారు. డబ్బు మాట లేనిది ఆ గురుశిష్యుల మధ్యనే. అశోక్‌నగర్ ఇంటి ఓనరు మధూకరం పెట్టడు. గ్రూపులకు, సివిల్స్‌కు చదివే కుర్రాళ్లు మంచానికి ఇంతని అద్దె కట్టే పేట అది. పిల్లలు సాయంత్రం గంటసేపు పాడి లేచిపోయే గది ఆయన కంటికి ఖాళీ గదే.

"క్లాసుకు ఇంత" అనే లెక్క మరో గొయ్యి. ఇరవై మంది పిల్లలు, తలా పదిహేను వందలు అనుకోండి. కాగితం మీద ముప్పై వేలు. తర్వాత దసరా సెలవులు, సంక్రాంతి, ఫిబ్రవరి నుంచి పరీక్షలు, ఏప్రిల్ దాటితే అమ్మమ్మగారి ఊరు. రాని క్లాసుల డబ్బు తగ్గించుకుంటూ పోతే చేతికొచ్చేదెంత? అద్దెకు సెలవుల్లేవు. ఫీజు ఆ గంటకు కాదు, ఆ పిల్ల కోసం నెలంతా అట్టిపెట్టిన చోటుకు. స్కూలు బస్సుకు సెలవుల్లోనూ డబ్బు కట్టే తండ్రికి ఈ సంగతి అర్థం కాదనుకోను.

ఫీజు చాలకపోతే మాస్టారు చేసేది ఒక్కటే, చాప మీద ఇంకో ఇద్దరిని కూర్చోబెట్టడం. పాఠం చెడేది అక్కడే. ఎనిమిదేళ్ల పిల్ల ఐదున్నర శ్రుతిలో హాయిగా పాడుతుంది. పక్కన పద్నాలుగేళ్ల కుర్రాడి గొంతు అప్పుడే మారుతోంది. పై షడ్జం అందక, కింద పాడితే నవ్వుతారని సిగ్గుపడి, వట్టి పెదాలు కదుపుతుంటాడు. మూలన కూర్చున్న రిటైరైన బ్యాంకు ఉద్యోగిది ఒకటి శ్రుతి. శ్రుతి పెట్టె ఒక్కటే! జంట స్వరాలు మూడో కాలంలో పన్నెండు మంది కలిసి అందుకుంటే ఎవరు తప్పారో త్యాగయ్యకైనా తెలియదు. రెండు నెలలకు కుర్రాడు మానేస్తాడు. "వాడికి ఇంటరెస్ట్ లేదండీ" అంటుంది తల్లి. బ్యాచ్‌కు నలుగురు చాలు, అదీ ఒకే శ్రుతి వాళ్లు. సర్టిఫికెట్టే కావాలనే వాళ్లకు రామ్‌కోటిలో ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, కూతవేటు దూరం.

ఆన్‌లైన్‌లో నేర్చుకునే అమెరికా పిల్లలే ఇప్పటి సంస్థానం. షికాగోలో రాత్రి ఎనిమిదంటే వేసవిలో మనకు మర్నాడు ఉదయం ఆరున్నర. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పగానే అది ఏడున్నర అవుతుంది, ఏడున్నరకు వచ్చే ఇక్కడి పిల్లలు చెప్పులు విప్పి గుమ్మంలో నిలబడతారు. టైమ్‌టేబుల్ ఏడాదికి రెండు వేసుకోక తప్పదు.

అకాడమీ పెట్టాలని ముచ్చటపడే వారికి ఒక మాట. 2022 జూలై 18 నుంచి కళల శిక్షణకు జీఎస్టీ మినహాయింపు వ్యక్తిగా చెప్పేవారికే. భాగస్వాములతో సంస్థ పెట్టి, ఏడాది రాబడి 20 లక్షలు దాటితే పన్ను కట్టాలి. బోర్డు ఎంత పెద్దదైనా కట్టుకోండి, కాగితాల్లో మాత్రం ఒక్కరే ఉండండి. త్యాగరాయ గానసభలో వార్షికోత్సవానికి హాలు, వయొలిన్, మృదంగం ఖర్చు నెల ఫీజులోంచి తీయకండి, విడిగా అడగండి. (శాలువాలు తగ్గించమని చెప్పినా ఎవరూ వినరు కాబట్టి చెప్పను.)

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి మొదటి రోజే చేతిలో పెట్టండి. ఐదో తారీఖులోగా ఫీజు, మాస్టారు రాకపోతే బదులు క్లాసు, పిల్ల రాకపోతే లేదు, మానేసేవాళ్లు నెల ముందు చెప్పాలి. చదివి వెనుదిరిగే వాళ్లు తిరుగుతారు, తిరగనివ్వండి. నలుగురు సరిగ్గా కడుతుంటే, కట్టలేని ఇంటినుంచి గొంతున్న పిల్ల ఎప్పుడైనా గుమ్మంలోకి వస్తే, ఆ చాప మీద ఐదో చోటు ఊరికే ఇవ్వగలుగుతారు.