పండుగ పంక్తిలో ఎవరికి చోటు?

డిసెంబర్ వచ్చిందంటే మన సంఘాల్లో ఓ పాత వాదన మళ్లీ తలెత్తుతుంది. డీజే, బాణసంచా, కేకులు, విందు లేకపోతే అది క్రిస్మస్ ఎలా అవుతుందంటారు యువకులు. అదంతా లోకరీతి, రక్షకుని జన్మదినాన మందిరంలో మోకరించడం తప్ప మరేదీ తగదంటారు పెద్దలు. పాతికేళ్లకు పైగా కాపరిగా ఈ ఇద్దరి మధ్యా కూర్చుని తీర్పు చెబుతూ వచ్చాను. ఎక్కువసార్లు పెద్దల పక్షమే వహించాను. అయితే కొన్నేళ్ల క్రితం మా సంఘంలోని ఒక సోదరి అన్న మాటతో, మేము అడగాల్సిన ప్రశ్న వేరే ఉందని అర్థమైంది.

ఆ ఏడాది డిసెంబర్ మొదటి ఆదివారం, ఆరాధన ముగిశాక పండుగ కమిటీ కూర్చుంది. 24వ తేదీ రాత్రి స్టార్ ఊరేగింపునకు డీజే పెట్టాలా వద్దా అని గంటసేపు వాదించుకున్నారు. మందిరం ఊడ్చడానికి ఆగిన ఆ సోదరి చీపురు పక్కన పెట్టి అంది: ‘అయ్యగారూ, పెడతారో మానతారో మీ ఇష్టం. పెట్టిన ఏడాది దాని ముందు తాగి ఊగేది మా ఆయనే. పెట్టని ఏడాది కూడా మాకు పండుగ లేదు. సెమీ క్రిస్మస్ భోజనాల ముందు చందాలిచ్చిన వాళ్ల పేర్లు మైకులో చదువుతారు కదా, అందులో మా పేరు రాదు. ఇక ఏ మొహం పెట్టుకుని పంక్తిలో కూర్చోను? మూడేళ్లుగా నేనూ పిల్లలూ ఆ రోజు ఇంటి దగ్గరే ఉండిపోతున్నాం. మీరెవరూ చూసుకోలేదు.’

ఆ పేర్లు మైకులో చదివింది మరెవరో కాదు, నేనే. అలా చదివితే చందాలు బాగా వస్తాయని కమిటీ వారంటే కాదనలేదు.

ఆ రాత్రి బైబిల్ ముందు కూర్చున్నాను. సీనాయి కొండ కింద బంగారు దూడ చేసిన రోజున అహరోను ఏమని చాటించాడో మనం అంతగా గమనించం. మరో దేవత పేరు చెప్పలేదాయన. మరునాడు యెహోవాకు పండుగ అనే చాటించాడు (నిర్గమ 32:5). జనం పొద్దున్నే లేచి బలులర్పించారు, తిన్నారు, తాగారు, ఆటలకు లేచారు. దేవుని పేరు పెట్టినంత మాత్రాన అది దేవుని పండుగ కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అలాగని దేవునికి సంతోషం గిట్టదనుకుంటే అదీ పొరపాటే. పర్ణశాలల పండుగలో సంతోషించమని ద్వితీయోపదేశకాండం ఆజ్ఞాపిస్తుంది. ఎవరెవరు సంతోషించాలో పట్టీ కూడా ఇస్తుంది: నువ్వు, నీ కొడుకు, కూతురు, దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తండ్రిలేని బిడ్డ, విధవరాలు (16:14). దేవుడు రాయించిన పట్టీలో దిక్కులేని వాళ్ల పేర్లున్నాయి. నేను మైకులో చదివిన పట్టీలో చందా ఇచ్చిన వాళ్ల పేర్లే ఉన్నాయి!

నెహెమ్యా 8:10 చివరి మాటలు మన ఇళ్లలో గోడల మీదా క్యాలెండర్ల మీదా కనిపిస్తాయి. యెహోవాలో ఆనందమే మనకు బలమని ఆ మాటల భావం. అదే వచనం మొదటి భాగాన్ని మాత్రం ఎవరూ గోడకు తగిలించరు. కొవ్విన మాంసం తినండి, మధురమైనది తాగండి, ఏమీ సిద్ధం చేసుకోని వారికి వాటాలు పంపండి అని ఉందక్కడ. ఆ వాటా పంపకుండా చివరి మాటలు మాత్రం మనవని చెప్పుకోవడం ఏం న్యాయం?

ప్రభువైన యేసు కూడా విందులకు దూరంగా ఉండలేదు. కానాలో పెళ్లికి వెళ్లాడు. తిండిపోతు, తాగుబోతు అన్న నింద కూడా మోశాడు (లూకా 7:34). కానీ విందు చేసేటప్పుడు తిరిగి పిలవగలిగే స్నేహితులనూ ధనవంతులైన పొరుగువారినీ కాదు, తిరిగి ఏమీ ఇవ్వలేని బీదలనూ కుంటివారినీ గుడ్డివారినీ పిలవమన్నాడు (లూకా 14:12-14). కొరింథు సంఘంలోనైతే ప్రభురాత్రి భోజనమే పార్టీ అయిపోయింది. ఒకడు ఆకలితో ఉంటే మరొకడు మత్తులో ఉన్నాడు. అది ప్రభువు భోజనమే కాదని పౌలు తేల్చి చెప్పాడు, లేనివారిని సిగ్గుపరుస్తారా అని నిలదీశాడు (1 కొరింథీ 11:20-22). మా చందా పట్టీ చేసిన పని సరిగ్గా అదే.

ఈ వాదన మనతో మొదలైంది కాదు. క్రీస్తుశకం 380 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్‌లో నజియాంజుస్ గ్రెగరీ ప్రభువు జన్మదినంపై చేసిన ప్రసంగాన్ని సెమినరీలో చదువుకున్నాను. వాకిళ్ల అలంకరణలు, నాట్యాలు, మితిమీరిన తిండీ తాగుడూ వద్దంటూనే, మనలాంటి మట్టితోనే దేవుడు చేసిన తోటి మనుషులు ఆకలితో ఉండగా ఇవన్నీ ఏమిటని బాధపడ్డాడాయన. చదువుకున్న రోజుల్లో ఆ ప్రసంగంలో ‘వద్దు’లు మాత్రమే నా చెవికెక్కాయి, ఆకలి మాట ఎక్కలేదు.

అసలు పండుగే తీసేస్తే సరిపోతుందనుకున్న వారూ ఉన్నారు. 1647లో ఇంగ్లండ్ పార్లమెంటు క్రిస్మస్ పండుగను రద్దు చేసింది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1659లో క్రిస్మస్ జరుపుకొన్న వారికి ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు. ఆ చట్టాన్ని 1681లో వెనక్కి తీసుకున్నారు. ఆ చట్టాలు చేసినవారు భక్తిపరులే. చట్టంతో పండుగను ఆపవచ్చు గానీ, ఏ విధవరాలి కంచంలోకీ దానితో అన్నం రాదు.

అయితే పేదలకు నాలుగు ముద్దలు పెట్టి, ఆ తర్వాత ఎంత పార్టీ అయినా చేసుకోవచ్చా అని ఎవరైనా అడగవచ్చు. కూడదు. తాగుడు, అల్లరి విందులు శరీరకార్యాలని గలతీ పత్రిక స్పష్టంగా చెబుతోంది (5:21). డిసెంబర్ 31 రాత్రి మందిరంలో ప్రార్థించి, అర్ధరాత్రి దాటాక సీసాల దగ్గరకు వెళ్లే విశ్వాసులు లేరా? ఆ మత్తుకు వెల కట్టేది ఇంట్లోని ఇల్లాలు, పిల్లలు. యువకులు ఆలోచించాల్సిన మాట ఇది. పెద్దలు ఆలోచించాల్సిందీ ఉంది. డీజే లేని నిశ్శబ్ద మందిరంలో కూడా మంచి బట్టల వారికి ముందు వరుస, పేదకు గుమ్మం పక్కన చోటు ఇస్తే, యాకోబు పత్రిక తీర్పు మన మీదికే వస్తుంది (2:2-4). సందడి లేనంత మాత్రాన పరిశుద్ధత రాదు.

ఆ ఏడాది మేము డీజే పెట్టలేదు. పిల్లలు డప్పు, గిటార్ పట్టుకుని పాడారు. అలిగిన ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు మాత్రం వేరే చోట పార్టీ చేసుకున్నారు. మైకులో పేర్లు చదవడం మానేసి, మూత వేసిన పెట్టె ఒకటి గుమ్మం దగ్గర ఉంచాం. చందాలు తగ్గాయి, బిర్యానీ బదులు అన్నం, పప్పు, కోడికూర వండుకున్నాం. వారం ముందే ఆ సోదరి ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగి, కుటుంబమంతటినీ భోజనానికి పిలిచాను. పిల్లలతో వచ్చింది. భర్త రాలేదు. ఆయన మారాడని రాయాలని నాకూ ఉంది, కానీ ఇంకా మారలేదు. ఆయన కోసం ప్రార్థిస్తున్నాం, ప్రతి పండుగకూ వెళ్లి పిలుస్తున్నాం.

మొదటి క్రిస్మస్ రాత్రి నిశ్శబ్దంగా ఏమీ గడవలేదు. పరలోక సైన్య సమూహమే స్తోత్రం చేసింది. కానీ ఆ సందడి వినిపించింది రాత్రివేళ పొలంలో మందలు కాసుకుంటున్న గొర్రెల కాపరులకు. దేవుని మొదటి పిలుపు వాళ్ల దగ్గరికే వెళ్లింది. ఈ పండుగకు కేకులు, లైట్లు పురమాయించే ముందు మనమూ ఒక పట్టీ రాద్దాం. అందులో చందా ఇచ్చిన వాళ్ల పేర్లు కాదు, గత ఏడాది మన పంక్తిలో కనబడని వాళ్ల పేర్లు రాద్దాం. రాసి ఊరుకోకుండా వాళ్ల గుమ్మం దాకా వెళ్లి పిలుద్దాం.