విషం గేటు దాటకూడదు

రాజంపేటకు చేరువలోని మంగంపేట ముగ్గురాయి పొడి మిల్లులు మొదలుకొని తుమ్మలపల్లె యురేనియం కర్మాగారపు టెయిలింగ్ పాండ్ వరకు, అంటే యురేనియం తీసుకోగా మిగిలిన, రేడియం వంటి రేడియోధార్మిక పదార్థాలున్న బురదను నిల్వచేసే చెరువు వరకు, ప్రమాదకర ధూళిలో, వ్యర్థాల్లో కూలీలు పనిచేసే ప్రతిచోటా శుద్ధి ప్రాంతాన్ని ప్లానులోనే గీసి చూపనిదే పనికి అనుమతి ఇవ్వరాదు. గేటు పక్కన కుళాయి బిగించి అదే సదుపాయమని రాసుకుంటే చెల్లదు.

శుద్ధి ప్రాంతమంటే కలుషిత స్థలానికీ, కార్యాలయమూ భోజనశాలా ఉండే శుభ్రమైన స్థలానికీ మధ్య కార్మికుడు ఒంటి మీది విషాన్ని వదిలించుకుంటూ ఒకే దిశలో నడిచి వచ్చే దారి. అక్కడ ముందు బూట్లు, పైతొడుగులు కడగాలి. ఆ తర్వాత రక్షణ దుస్తులను లోపలి వైపు బయటికి తిరిగేలా చుట్టుతూ విప్పాలి. దుస్తుల నుంచి లేచే ధూళి ముక్కులోకి పోకుండా మాస్కును వాటి తర్వాతే తీయాలి. చివరికి లోపలి చేతితొడుగులు విప్పి స్నానం చేయాలి. ఈ వరుస తప్పితే అంతసేపు మాస్కు పెట్టుకున్న ఫలితమే దక్కదు.

శుద్ధిలో నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించేది కార్మికుడొక్కడే కాదు. ఆస్బెస్టాస్ కార్మికుల ఇళ్లలో, వారి పనిబట్టలు ఉతికిన ఆడవారికి సైతం ఊపిరితిత్తుల పొర క్యాన్సర్ వచ్చిందని లండన్ పరిశోధకులు 1965లోనే వెల్లడించారు. పులివెందుల ప్రాంతంలో ఆస్బెస్టాస్ తవ్విన కడప జిల్లాకు ఆ హెచ్చరిక పరాయిది కాదు.

కరవు సీమలో ఇన్ని నీళ్లెక్కడివన్న వాదన నిలవదు. సూక్ష్మధూళిని పట్టే ఫిల్టరున్న వాక్యూమ్ యంత్రంతో ముందుగా దుమ్ము లాగేస్తే కడగడానికి కొద్ది నీళ్లే చాలు. ఆ మురుగును వంకలోకి వదలక, అడుగున ఇంకని తొట్టిలో పట్టి, ప్రమాదకర వ్యర్థంగానే పరిగణించాలి. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది ఊళ్లను ముంచెత్తడం చూసినవారెవరూ అలాంటి తొట్టిని పల్లంలో కట్టనివ్వరు. శుభ్రమైన స్థలం గాలి వచ్చే వైపుండాలి. గాలి కాలాన్ని బట్టి మారుతుంది కనుక ఏడాది పొడవునా దాని దిశను గమనించాకే చోటు నిర్ణయించాలి.

కడుక్కునే వసతి కల్పించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది, కానీ అంతమాత్రం చాలదు. 1990లో అమల్లోకి వచ్చిన అమెరికా నిబంధన ప్రకారం శుద్ధి విధానం సిద్ధమై, కార్మికులకు తెలిసిన తర్వాతే వారు కలుషిత స్థలంలో అడుగుపెట్టాలి. ఇక్కడా అదే నియమం రావాలి. అది కాంట్రాక్టు కూలీలకూ వర్తించాలి. శుద్ధికి పట్టే సమయాన్ని పనిగంటల్లో కలిపి కూలి కట్టివ్వాలి. కూలి లేని స్నానానికి బస్సు వదులుకునే కూలీ ఎవరూ ఉండరు.