సూది దిగని చేతులు

ప్రశ్న: మా అత్తగారికి 60 ఏళ్లు. చిన్నప్పటినుంచీ పసుపు చేలల్లో పని. మొన్న వాంతులు, విరేచనాలతో సొమ్మసిల్లితే ఆసుపత్రికి తీసుకువెళ్లాం. సెలైన్ పెట్టడానికి ఐదు చోట్ల పొడిచారు. "మొద్దు చర్మం, నరం దొరకడంలేదు" అన్నారు. చేయి వాచింది. ఇప్పుడు "చచ్చినా మళ్లీ ఆసుపత్రికి రాను" అంటున్నారు. పసుపు పనివల్లే చర్మం ఇలా అయిందా? నీరసానికి మరో సీసా ఎక్కించమంటారా?
— ఒక కోడలు, బాల్కొండ

జవాబు: తప్పు పసుపుది కాదమ్మా. పసుపు చేతికి రంగు పట్టిస్తుందేగాని చర్మాన్ని మొద్దుబార్చదు. ఏళ్ల తరబడి ఎండ, మట్టి, రాపిడి కలిసి ఆ పని చేస్తాయి. పైగా ఆ రోజు చిక్కు చర్మంతో మాత్రమే కాదు. వాడుకలో మనం 'నరం' అనేది నిజానికి సిర. ఒంట్లో నీరు పోయినప్పుడు సిరలు ముడుచుకుపోతాయి. అప్పుడు చేయి తిరిగిన నర్సుకైనా కష్టమే.

దీనికి ఉపాయాలున్నాయి. చేతిని కాసేపు కిందికి వేలాడదీయాలి. గోరువెచ్చని తడిగుడ్డ చుట్టాలి. పట్టీ బిగించాక సిర కంటికి కనబడకపోయినా వేలికి మెత్తగా తగులుతుంది. చర్మాన్ని బిగువుగా లాగి పట్టుకుంటే సిర పక్కకు జారదు. రెండుసార్లు కుదరకపోతే అనుభవమున్న మరొకరిని పిలవడం మంచి పద్ధతి. పెద్ద ఆసుపత్రులలో అల్ట్రాసౌండ్‌తో సిరను చూస్తూ గుచ్చుతారు. సెలైన్ ఎక్కుతుండగా మంట, వాపు కనిపిస్తే ద్రవం బయటికి పోతున్నట్లే. వెంటనే చెప్పి ఆపించండి. ఇప్పుడున్న వాపుకు చేతిని ఎత్తులో ఉంచండి. ఎర్రబడినా, నొప్పి పెరిగినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించండి.

ఉత్త నీరసానికి సీసా అక్కరలేదు. అర లీటరు 5 శాతం గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. ఆ బలం చిన్న గిన్నెడు అన్నంలోనూ ఉంది.

ఇకముందు విరేచనాలు మొదలవగానే లీటరుకు సరిపడే ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని కాచి చల్లార్చిన లీటరు నీటిలో కలిపి, గుక్కెడు గుక్కెడుగా తాగించండి. 24 గంటలు దాటితే పారబోయండి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వ్యాపించి, సెలైన్ అయిపోవచ్చినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇటువంటి ఉప్పు, గ్లూకోజు నీటితోనే ఎందరినో బతికించారు.

అయితే తాగింది నిలవకపోయినా, మూత్రం ఆగినా, మగతగా ఉన్నా ఆసుపత్రి తప్పదు. వెళ్లేటప్పుడు దారిలోనే చేతికి వెచ్చని గుడ్డ చుట్టండి. కిందటిసారి సూది ఎక్కడ దిగిందో నర్సుకు ముందే చెప్పండి. ఈ మాటలు అత్తగారికి చదివి వినిపించండి. భయం సగం తగ్గుతుంది.